దేశాలు తిరిగిన కొండ పేరు

పిల్లలూ! "అమ్మ ఇవాళ గద్వాల కట్టుకున్నది" అంటే మీలో ఎవరికీ నవ్వు రాదు. కాస్త ఆగి ఆలోచిస్తే రావాలి. గద్వాల అనేది ఒక ఊరు. అందులో కోట ఉన్నది, వీధులున్నాయి, జనం ఉన్నారు. అలాటి ఊరిని ఎవరైనా ఒంటికి చుట్టుకోగలరా? అసలు సంగతి మీకు తెలిసిందే. "గద్వాలలో నేసిన చీర" అనే మాటలోనుంచి చీర జారిపోయింది, నేత జారిపోయింది. ఊరి పేరు ఒక్కటే మిగిలి, అదే చీర పేరై కూచున్నది.

బందరు సంగతి ఇంకా తమాషా. పారశీక భాషలో బందరు అంటే ఓడరేవు. ఏ రేవైనా బందరే. మచిలీపట్నం వచ్చిపోయే వర్తకులు దాన్ని బందరు, బందరు అంటూ ఉండగా, ఆ మాట మన వాళ్ళ నోట ఆ ఒక్క ఊరికే పేరై నిలిచిపోయింది. ఈనాడు మిఠాయి కొట్లో బందరు లడ్డు అడిగేవాడికి ఓడల ధ్యాసే ఉండదు.

ఊళ్ళ పేర్లు ఇట్లా వేషాలు మార్చడం మామూలే. అయితే మన తెలుగుదేశంలో ఒక కొండ పేరు వేసినన్ని వేషాలు మరే పేరూ వేయలేదని నా నమ్మకం. అది ఏడు సముద్రాలు దాటింది. పరాయి భాషల నిఘంటువులకు ఎక్కింది. అమెరికాలో నది ఒడ్డున ఒక పల్లెటూరికి పేరై కూచున్నది. ఇంతాచేసి అది ఒక గొల్లవాడి పేరున వెలసిన కొండ!

అదేమిటో మీరు కనిపెట్టే ఉంటారు. గోలకొండ.

హైదరాబాదుకు పడమట నల్లరాతి గుట్ట ఒకటి ఉన్నది. ఎత్తు సుమారు 400 అడుగులు. పెద్ద పెద్ద గుండ్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు ఉంటాయి. ఆ గుట్టమీద ఒక గొల్ల కుర్రవాడికి దేవుడి విగ్రహం దొరికిందనీ, ఆ వార్త విని కాకతీయ రాజు అక్కడ మట్టికోట కట్టించాడనీ, అందుచేత అది గొల్లకొండ అయిందనీ పెద్దలు కథగా చెబుతారు. గొల్లకొండే వాడుకలో గోలకొండ అయింది. కథ సంగతి ఎలా ఉన్నా, పేరులో మాత్రం గొల్లవాడు భద్రంగా ఉన్నాడు. రాజుగారి పేరు అందులో లేదు.

14వ శతాబ్దంలో ముసునూరి కాపయ నాయకుడు సంధి చేసుకొని ఈ కోటను బహమనీ సుల్తానుకు ఇచ్చేశాడు. కొత్త ఏలికలు కోటలోని పట్టణానికి ముహమ్మద్‌నగర్ అని గొప్ప పేరు పెట్టారు. పెట్టి ఏం లాభం? జనం గోలకొండ అనడం మానలేదు. బడిలో మాస్టరు హాజరు పట్టీలో మీకు ఎంత పొడుగు పేరు రాసినా, ఆటస్థలంలో మీ స్నేహితులు "ఒరే చిట్టీ!" అని పిలవడం మానతారా? ఇదీ అంతే. 

బహమనీ రాజ్యం బలహీనపడ్డ తరువాత, దాని కింద తెలంగాణాను పాలిస్తూ ఉండిన కులీ కుతుబ్‌షా 1518 ప్రాంతంలో స్వతంత్రుడై, గోలకొండను రాజధాని చేసుకున్నాడు. మట్టికోట పోయి రాతికోట వచ్చింది. వెలుపలి ప్రాకారం చుట్టుకొలత సుమారు 7 మైళ్ళు. సింహద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు కొడితే, కొండ శిఖరాన ఉన్నవారికి వినబడుతుంది. మీరు వెళ్ళినప్పుడు సగంమంది పైకి ఎక్కండి, సగంమంది కింద నిలబడండి. పైన ఉన్నవాళ్ళు చెవులు రిక్కించి వినండి.

ఇక్కడే పేరు మొదటి వేషం మార్చింది. కోట రాజధాని అయింది గనక, రాజ్యానికంతకూ అదే పేరు వచ్చింది. తూర్పున మచిలీపట్నం రేవులో "గోలకొండనుంచి ఫర్మానా వచ్చింది" అని సుంకరి అంటే, అతని మనసులో ఉన్నది నల్లగుట్ట కాదు, ప్రభుత్వం. ఆ ప్రభుత్వం కూడా తెలుగుకు దూరమైనది కాదు. 1550 నుంచి 1580 వరకు ఏలిన ఇబ్రహీం కుతుబ్‌షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ముద్దుగా పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తన కావ్యాన్ని ఆయనకే అంకితం ఇచ్చాడు.

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా మూసీ ఒడ్డున హైదరాబాదును కట్టించాడు. ఊరు మారినా పేరు వదలలేదు. భాగానగరమనీ, హైదరాబాదనీ పిలిచే ఆ కొత్త నగరాన్ని కూడా పరదేశీయులు గోలకొండే అంటున్నారని, అక్కడికి వచ్చిన ఒక ఫ్రెంచి వర్తకుడు రాసిపెట్టాడు. అంటే ఒకే పేరు ఏకకాలంలో కొండకూ, కోటకూ, నగరానికీ, రాజ్యానికీ చెల్లుబాటయింది!

మన ఇళ్ళలో ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉన్నది. మీ అమ్మమ్మను గోలకొండ అంటే ఏమిటని అడిగి చూడండి. సుల్తానుల మాట ఎత్తదు. "రామదాసును చెరలో పెట్టిన చోటు నాయనా!" అంటుంది. భద్రాచలంలో గుడి కట్టించిన కంచర్ల గోపన్న, సర్కారు సొమ్ము గుడికి ఖర్చుపెట్టినందుకు అక్కడ చెరసాలలో మగ్గాడని మనవాళ్ళు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ బందిఖానాను నేటికీ కోటలో చూపిస్తారు. ఒక దేశంలో ఐశ్వర్యానికి గుర్తుగా ఉన్న పేరు ఇంకొక ఇంట్లో సంకెళ్ళకు గుర్తు.

ఐశ్వర్యం అన్నాను గదా! ఇక వజ్రాల మాట చెప్పవలసి ఉన్నది.

గోలకొండ అనగానే వజ్రాలు అంటారు. గోలకొండ కొండను తవ్వితే వజ్రాలు దొరుకుతాయని పెద్దవాళ్ళు కూడా చాలామంది అనుకుంటారు. ఒక్క వజ్రం కూడా దొరకదు! అది గ్రానైటు రాయి. వజ్రం పుట్టేది భూమిలో నూరు మైళ్ళ లోతున. అక్కడి విపరీతమైన వేడికీ, ఒత్తిడికీ కర్బనం, అంటే మన బొగ్గులో ఉండేదే, గట్టిపడి వజ్రమవుతుంది. ఏనాడో అగ్నిపర్వతాల గొట్టాలగుండా అది పైకి వచ్చింది. వానలు ఆ రాళ్ళను అరగదీశాయి. నదులు వజ్రాలను ఈడ్చుకొచ్చి, తమ ఒడ్డున గులకరాళ్ళ పొరల్లో పడవేశాయి. అట్లా పడవేసిన నదుల్లో మన కృష్ణ ఒకటి. వజ్రాల గనులన్నిటిలో పేరుమోసినది కృష్ణకు దక్షిణపు ఒడ్డున, ఈనాటి పల్నాడు జిల్లాలోని కొల్లూరు. ఇంకొకటి పరిటాల, విజయవాడనుంచి హైదరాబాదు వెళ్ళే రోడ్డుమీద మీరు దాన్ని దాటే ఉంటారు.

కొల్లూరు గనిని చూసి వర్ణించినవాడు ఇందాక చెప్పిన ఫ్రెంచి వర్తకుడే. అతని పేరు జాన్ బప్టిస్ట్ టావెర్నియర్. 17వ శతాబ్దపు నడుమ కాలంలో అతను ఆరుసార్లు తూర్పుదేశాలకు ప్రయాణం చేసి, ఆ సంగతులన్నీ 1676లో పుస్తకంగా అచ్చు వేయించాడు. గోలకొండకు తూర్పుగా ఏడు రోజుల ప్రయాణంలో ఒక గని ఉన్నదనీ, పారశీకంలో దాన్ని కొల్లూరు అంటారనీ, ఆ దేశపు భాషలో దాని పేరు 'గని' అనీ రాశాడు.

ఆ చివరి ముక్క మళ్ళీ చదవండి. ఆ దేశపు భాష మన తెలుగే. దొర వేలు పెట్టి చూపించి, "ఇదేమిటి?" అని అడిగి ఉంటాడు. మనవాడు "గని అండీ!" అని ఉంటాడు. దొర అదే ఊరి పేరనుకొని రాసేసుకున్నాడు కాబోలు! కొల్లూరు అనే అచ్చమైన ఊరి పేరేమో పారశీకమై పోయింది.

ఆ గని ఎలా బయటపడిందో కూడా అతను విన్నాడు. అప్పటికి నూరేళ్ళ కిందట ఒక పేదవాడు చిరుధాన్యం చల్లుకుందామని నేల తవ్వుతూ ఉంటే తళతళమనే రాయి ఒకటి కనపడిందట. దాని విలువ తెలియక అతను దాన్ని గోలకొండకు తీసుకుపోయి వర్తకుడికి చూపించాడు. తూచితే సుమారు 25 క్యారెట్లు. అంత పెద్ద రాయిని అంతవరకు చూడని వర్తకుడు నిర్ఘాంతపోయాడు. ఆ వార్తతో డబ్బున్నవాళ్ళంతా ఆ ఊరి నేల తవ్వించడానికి ఎగబడ్డారు. ఇదీ కథ. రాయి బరువు దొర రాసుకున్నాడు. ఆ పేదవాడి పేరు రాసుకోలేదు.

టావెర్నియర్ కొల్లూరు వెళ్ళేసరికి అక్కడ ఆడా మగా పిల్లా పెద్దా కలిసి దాదాపు 60,000 మంది పని చేస్తున్నారని చెప్పాడు. మగవాళ్ళు పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల లోతున తవ్వేవాళ్ళు. నీరు పడితే ఆపేసేవాళ్ళు. ఆడవాళ్ళూ, పిల్లలూ ఆ మట్టిని మోసుకొచ్చి, చుట్టూ గోడ కట్టిన మడిలో పోసేవాళ్ళు. దానిమీద నీళ్ళు పోసి, బురద కడిగేసి, ఎండబెట్టి, మిగిలిన మట్టిని మన వాళ్ళు ధాన్యం చెరిగినట్టే చేటలతో చెరిగేవాళ్ళు. చివరికి కంకర పరిచి, ఒక్కొక్క రాయే చూసుకుంటూ ఏరేవాళ్ళు.

గోలకొండకు అయిదు రోజుల దూరంలో ఉన్న మరొక గనిలో అతను చూసిన వింత ఒకటి మీకు తప్పక చెప్పాలి. అది మీ ఈడు పిల్లల సంగతి. ఊరి నడుమ పెద్ద చెట్టు కింద రోజూ పొద్దున్నే వర్తకుల పిల్లలు వచ్చి కూచునేవాళ్ళట. పదేళ్ళవాళ్ళు మొదలుకొని పదిహేను పదహారేళ్ళ వాళ్ళు. ఒక్కొక్కడి నడుముకు ఒక పక్కన తూనిక రాళ్ళ సంచీ, రెండో పక్కన డబ్బు సంచీ. ఆ డబ్బు సంచీలో కొందరికి 500, 600 బంగారు వరహాలుండేవి! ఎవరైనా వజ్రం అమ్మడానికి తెస్తే అందరిలోకీ పెద్దవాడి చేతిలో పెట్టాలి. అతను చూసి పక్కవాడికి ఇస్తాడు, వాడు ఆ పక్కవాడికి. నోటినుంచి మాట రాకుండా రాయి చేతులు మారుతూ చుట్టూ తిరిగి మళ్ళీ పెద్దవాడి దగ్గరికే వస్తుంది. అప్పుడు అతను బేరం చేస్తాడు. ఎక్కువ పెట్టి కొన్నాడా, నష్టం వాడిదే! సాయంకాలం అందరూ కూచుని ఆనాడు కొన్న రాళ్ళను నీరూ బరువూ చూసి వేరుచేసి, పెద్ద వర్తకులకు అమ్మి, లాభం సమంగా పంచుకునేవాళ్ళు. పెద్దవాడికి మాత్రం కొంచెం ఎక్కువ.

చదువుతూ ఉంటే ముచ్చటగానే ఉన్నది. అయితే అదే గనిలో పని బాగా తెలిసిన కూలివాడికి సంవత్సరానికి మూడు వరహాలు దొరికేవని కూడా అదే పుస్తకంలో ఉన్నది. 600 వరహాలు సంపాదించాలంటే ఆ కూలివాడు ఎన్నేళ్ళు పని చేయాలి? లెక్క మీరే కట్టండి. ఆ కూలివాళ్ళలో ఒకడు చిన్న వజ్రాన్ని కంటి కొలికిలో దాచుకొని పట్టుబడ్డాడట. ఆకలికి ఎంత తెగింపో చూశారా!

సరే, కొల్లూరులో దొరికిన వజ్రానికి గోలకొండ పేరు ఎందుకు వచ్చింది? తవ్వేది కొల్లూరులో, కొనేదీ అమ్మేదీ గోలకొండ బజారులో. పారిస్‌లో, లండన్‌లో ఉన్న నగల వర్తకుడికి కొల్లూరుతో పని లేదు. "ఎక్కడిది?" అంటే "గోలకొండది" అనేవాడు. పైగా 1720ల దాకా లోకంలో చెప్పుకోదగ్గ వజ్రాలన్నీ దాదాపు మన దేశంనుంచే పోయేవి. ఆ తరవాతే బ్రెజిల్‌లోనూ, 1867 తరవాత దక్షిణాఫ్రికాలోనూ గనులు బయటపడ్డాయి. టావెర్నియర్ ఇక్కడ కొనుక్కుపోయిన నీలి వజ్రం ఒకటి ఫ్రెంచి రాజు 14వ లూయీకి అమ్ముడుపోయింది. దాన్ని మళ్ళీ మళ్ళీ చెక్కగా మిగిలినదే 'హోప్' వజ్రం. ఇప్పుడు వాషింగ్టన్‌లో ప్రదర్శనశాలలో ఉన్నది. 45న్నర క్యారెట్లు, అంటే సుమారు తొమ్మిది గ్రాములు. అది కొల్లూరు నేలలోదే అని పండితులు భావిస్తున్నారు.

1687లో ఔరంగజేబు ఎనిమిది నెలలు ముట్టడించి గోలకొండను పట్టుకున్నాడు. ఫిరంగులు పడగొట్టలేని కోట, లోపలివాడొకడు తలుపు తీయడంవల్ల కూలింది. కుతుబ్‌షాహీ రాజ్యం అంతరించింది. గనులు కూడా క్రమంగా అడుగంటాయి. కొల్లూరు ఎక్కడున్నదో కూడా పండితులు మరిచిపోయారు. 19వ శతాబ్దంలో వాలెంటైన్ బాల్ అనే ఐర్లండు భూగర్భ శాస్త్రవేత్త, టావెర్నియర్ చెప్పిన దారీ, దూరాలూ లెక్కకట్టి చూసి, అది కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరేనని మళ్ళీ నిర్ధారణ చేయవలసి వచ్చింది!

రాజ్యం పోయింది, గనులు పోయాయి. పేరు కూడా పోవాలి గదా? విచిత్రమేమంటే అసలు పేరు వృద్ధిలోకి వచ్చింది అప్పుడే. 18వ శతాబ్దం ముగిసేనాటికి ఇంగ్లీషువాళ్ళు 'గోలకొండ' అనే మాటను 'తరగని సంపద' అనే అర్థంలో వాడుతున్నారు. ఎవడికైనా బాగా లాభం వచ్చే పని దొరికితే "వాడికి గోలకొండ దొరికింది" అనేవారు. నేటికీ ఇంగ్లీషు నిఘంటువు తెరిస్తే ఆ అర్థం ఉంటుంది. ఆ మాట వాడినవాళ్ళలో చాలామంది మన నల్లగుట్టను కలలో కూడా చూసి ఉండరు. గొల్లవాడు అనే మాట ఒకటుందనే తెలియదు.

అక్కడినుంచి పేరు అట్లాంటిక్ దాటింది. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో, ఒహాయో నది ఒడ్డున సారాస్‌విల్ అనే చిన్న ఊరు ఉండేది. 1817 ప్రాంతంలో ఆ ఊరివాళ్ళు పేరు మార్చి గోలకొండ అని పెట్టుకున్నారు. పేరుతోపాటు సంపద కూడా వస్తుందని ఆశ! ఈనాటికీ ఆ గోలకొండలో వెయ్యిమంది జనం లేరు.

అయితే ఆ ఊరి పేరు చెబితే ఉలిక్కిపడేవాళ్ళు కొందరున్నారు. అమెరికా ఆదిమ జాతులలో చెరోకీలని ఒక జాతి ఉన్నది. వాళ్ళ భూముల్లో బంగారం బయటపడింది. భూముల కోసం తెల్లవాళ్ళు వాళ్ళను తరిమివేయడానికి అదొక కారణమయింది. 1838 చివర, చలికాలంలో, వేలకొద్దీ చెరోకీలు ముసలీ ముతకా పిల్లా జెల్లాతో వందల మైళ్ళు నడిచి పడమటికి పోవలసి వచ్చింది. దారిలో ఎందరో చనిపోయారు. దాన్ని 'కన్నీటి బాట' అంటారు. ఆ బాటమీద వాళ్ళు ఒహాయో నదిని దాటి అడుగుపెట్టిన ఊరు ఈ గోలకొండే. సంపద అని అర్థం వచ్చే పేరుగల ఊరిలోకి, ఉన్న సంపదంతా పోగొట్టుకున్నవాళ్ళు చలికి వణుకుతూ నడిచి వచ్చారు. మ్యాపులో పేరు ఒకటే. దాన్ని చదివే కళ్ళు వేరు.

నెవాడా రాష్ట్రంలో ఇంకొక గోలకొండ ఉన్నది. అది గనులమీద ఆశతో వెలిసి, ఆశ తగ్గాక చిక్కిపోయిన ఊరు.

ఇక ఇంటికి వద్దాం. పేరు పరదేశాల్లో ఊరేగుతుంటే మనవాళ్ళు ఊరుకున్నారా? 1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు హైదరాబాదునుంచి ఒక తెలుగు పత్రిక ప్రారంభించారు. దానికి ఆయన పెట్టిన పేరు 'గోలకొండ పత్రిక'. నిజాం రాజ్యంలో అప్పుడు తెలుగుకు ఆదరణ తక్కువ. కచేరీల్లోనూ, బడుల్లోనూ ఉర్దూదే రాజ్యం. అటువంటి రోజుల్లో, తెలంగాణాలో తెలుగు కవులే లేరని ఎవరో ఒక మాట అన్నారు. ప్రతాపరెడ్డిగారు వాదనకు దిగలేదు. ఊరూరా ఉన్న కవులకు కబురుచేసి, వాళ్ళ పద్యాలు తెప్పించి, 1934లో 'గోలకొండ కవుల సంచిక' అని ఒక పుస్తకం వేశారు. అందులో ఎందరు కవులున్నారో తెలుసా? 354 మంది! అప్పటినుంచి తెలుగు చదువరులకు గోలకొండ అంటే వజ్రాల మాట ఒక్కటే కాదు. "మేమూ ఉన్నాం" అని లేచి నిలబడినవాళ్ళ మాట కూడా. నన్నడిగితే ఆ పేరు వేసిన వేషాలన్నిటిలోకీ ఇదే అందమైనది.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పుదుచ్చేరిలో అరవిందాశ్రమంవారు 1930ల చివర ఒక వసతి భవనం కట్టడం మొదలుపెట్టారు. దానికి హైదరాబాదు దివాను సర్ అక్బర్ హైదరీ నిజాం సర్కారునుంచి లక్ష రూపాయలు ఇప్పించారు. ఆ కృతజ్ఞతతో భవనానికి ఫ్రెంచి పద్ధతిలో 'గోల్‌కొండ్' అని పేరుపెట్టారు. బెల్జియం దేశపు చిత్రకారుడు రెనె మాగ్రిట్ 1953లో ఒక బొమ్మ వేశాడు. అందులో కోట్లు తొడుక్కొని, టోపీలు పెట్టుకున్న పెద్దమనుషులు ఎందరో ఇళ్ళమీద ఆకాశంలో వాన చినుకుల్లా నిలబడి ఉంటారు. ఆ బొమ్మ పేరూ గోలకొండే! ఆ పేరు సూచించినవాడు ఒక కవి స్నేహితుడు. అద్భుతమైన సంపదగల మాయానగరం అనే ఊహతో పెట్టారట. నేను ఎంతసేపు చూసినా నాకు అందులో కొండా కనపడలేదు, గొల్లవాడూ కనపడలేదు.

అన్నిటికంటె కొత్త అర్థం శాస్త్రజ్ఞుల దగ్గర ఉన్నది. వజ్రం కర్బనమే అయినా, మామూలు వజ్రాల్లో నైట్రోజన్ అనే మూలకపు పరమాణువులు కొద్దిగా చొరబడి ఉంటాయి. వాటివల్ల రాయికి పసుపుఛాయ వస్తుంది. నైట్రోజన్ దాదాపు లేని స్వచ్ఛమైన రాళ్ళను 'రెండు-ఎ రకం' అంటారు. నగల్లో వాడే వజ్రాల్లో నూటికి రెండు కూడా అటువంటివి ఉండవు. ఈ రకంలో పెద్ద పెద్ద రాళ్ళు భూమిలో 360 నుంచి 750 కిలోమీటర్ల లోతున, కరిగిన లోహం మధ్య పుట్టాయని 2016లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. మన పాత వజ్రాల్లో పేరుపొందినవి కొన్ని ఈ రకానివి. అందుచేత వర్తకులు కొందరు, నీటిబొట్టులా ఉండే ఈ రకం రాయి ఏ దేశంలో దొరికినా దాన్ని 'గోలకొండ వజ్రం' అనేస్తున్నారు. బంగినపల్లి మామిడి నూజివీడులో కాసినా బంగినపల్లే అయినట్టు!

దీంతో ఒక చిక్కు వచ్చిపడింది. ఇందాకటి హోప్ వజ్రం నీలంగా ఉంటుందన్నాను గదా? అందులో బోరాన్ అనే పదార్థం ఉండడమే దానికి కారణం. కనక అది 'రెండు-ఎ రకం' కాదు. అంటే ఆఫ్రికాలో దొరికిన తెల్లరాయి గోలకొండ వజ్రం అనిపించుకోవచ్చు; కొల్లూరులో పుట్టి, గోలకొండ రాజు ఏలుబడిలో తవ్వి తీసిన నీలిరాయి, ఈ కొత్త లెక్క ప్రకారం, గోలకొండ వజ్రం కాదు!

మరి కొల్లూరు ఏమయింది? కృష్ణకు అడ్డంగా పులిచింతల ఆనకట్ట కట్టారు. 2013 తరవాత నీరు నిలిచి, పాత కొల్లూరు పరిసరాలు ఆ జలాశయంలో మునిగిపోయాయి. 60,000 మంది మట్టి మోసిన చోటుమీద ఇప్పుడు నీళ్ళున్నాయి. ఏ నిఘంటువులోనూ కొల్లూరు అనే మాటకు సంపద అనే అర్థం లేదు.

గుంటూరునుంచి సికింద్రాబాదుకు రోజూ ఒక రైలు నడుస్తుంది. బయలుదేరేది గనుల వైపునుంచి, చేరేది కోట వైపుకు. టావెర్నియర్ ఏడు రోజులు పడుతుందన్న దూరాన్ని ఈ రైలు చుట్టుదారిన పోయి కూడా ఒక పూటలో దాటిస్తుంది. మీరు ఎప్పుడైనా ఎక్కితే పెట్టె పక్కన రాసి ఉన్న పేరు చదవండి. గోల్కొండ ఎక్స్‌ప్రెస్. ఈ ప్రయాణంలో కూడా పేరు చేరే చోటిదే.